మన ఇంటి వంతు వచ్చినప్పుడు: టైమా, డబ్బా?



బకాసురుడి కథ మీద వీడియో తయారు చేస్తున్నప్పుడు అందులో ఒక మాట నాకు గుచ్చుకుంది. వీడియోలో దాని గురించి చెప్పలేకపోయా. చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి, కెమెరా ముందు అది నావల్ల కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ప్రశ్న చాలా మామూలుది. మనందరి ఇళ్లల్లో రోజూ వచ్చేదే. డబ్బు పెట్టి టైం మిగుల్చుకోవాలా, టైం పెట్టి డబ్బు మిగుల్చుకోవాలా? కూరగాయలు మార్కెట్‌కి వెళ్లి తెచ్చుకోవాలా, పది నిమిషాల్లో ఇంటికి తెప్పించుకోవాలా? వంటమనిషిని పెట్టుకోవాలా, మనమే వండుకోవాలా? ఇది బడ్జెట్ ప్రశ్న అని చాలాకాలం అనుకున్నా. ఇప్పుడు మాత్రం ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అనిపిస్తోంది. ఎందుకో చెప్తా.

గంటకు 400

మాది బోధన్ దగ్గర ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఒక శనివారం ఇంటికి పోతే అమ్మ లేదు. మోకాళ్ల నొప్పులకు చూపించుకుందామని పొద్దున్నే నిజామాబాద్ పోయింది. చీకటి పడ్డాక వచ్చింది. ఏమైందంటే, బోధన్‌లో దిగి మా ఊరి బస్సు కోసం గంటన్నర కూర్చుందట. షేర్ ఆటోకు నలభై రూపాయలు. బస్సు ఫ్రీ. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కదా, అది.

నాకు కోపం వచ్చింది. "నలభై రూపాయల కోసం గంటన్నర కూసున్నవా అమ్మా? నీ టైంకు విలువ లేదా?"

"ఉన్న టైమే గదరా. జల్దొచ్చి ఏం జేస్త? ఆడ నలుగురు కలిసిర్రు, ముచ్చట పెట్టుకుంట కూసున్నం."

నాకు అప్పట్లో ఒక లెక్క ఉండేది. ఏదో పాడ్‌కాస్ట్‌లో విన్నా. నెల జీతాన్ని పని గంటలతో భాగించాలి. నాకు 80,000 జీతం, దాదాపు 200 గంటలు. అంటే గంటకు 400. ఏ పనైనా గంటకు 400 కంటే తక్కువలో ఇంకొకరు చేసి పెడితే వాళ్లకే ఇచ్చెయ్యాలి. మనం చేసుకుంటే నష్టం. సింపుల్. బట్టల ఇస్త్రీ, గది శుభ్రం చెయ్యడం, వంట, సరుకులు, అన్నీ అట్లే బయటికి ఇచ్చేశా. ఆ రోజు అమ్మకు కూడా ఈ లెక్క చెప్పా. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది: "మరి మిగిలిన గంటకు నీకు ఎవలన్న నాలుగొందలు ఇస్తున్నరా?"

నా దగ్గర జవాబు లేదు. నవ్వి ఊరుకున్నా.

గంట విలువ తెలిసినవాళ్లు

నిజామాబాద్ వైపు పల్లెలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మా దగ్గర చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు. అమ్మ కూడా నా ఇంజనీరింగ్ అయిపోయేదాకా చుట్టింది. తునికాకు తడిపి, కొలత పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. కూలీ వెయ్యి బీడీలకు ఇంత అని. గంటకు కాదు, రోజుకు కాదు. నేను అన్నం అడిగితే లేచేది, అంటే ఓ పాతిక బీడీలు తక్కువ. చుట్టాలు వస్తే వంద తక్కువ. నాకు జ్వరం వస్తే ఆ రోజు మొత్తం పోయినట్టే. అయినా లేచింది. ప్రతిసారీ లేచింది.

అంటే గంటకు విలువ కట్టడం నాకంటే ముందే, నాకంటే బాగా అమ్మకు తెలుసు. ఆమె వేళ్లే గడియారం. అట్లాంటి మనిషికి నేను పాడ్‌కాస్ట్ లెక్క చెప్పా. ఇన్నేళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి కూర్చున్న ఆమెకు, బస్టాండ్‌లో చేతులు ఖాళీగా పెట్టుకుని ముచ్చట పెట్టే గంటన్నర వృథా కాదు. అది ఆమెకు దొరికిన సెలవు. నేను దాన్ని నలభై రూపాయల పిసినారితనం అనుకున్నా.

అట్లని డబ్బుతో టైం కొనడం తప్పనీ కాదు. బాపునే చూడండి. చెరుకు పండించినన్నాళ్లూ ఆయనకు ఒకటే తొందర. చెరుకు కోశాక ఆగదు. ఎండుతుంది, బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర తగ్గుతుంది. వీలైతే ఒక రోజులోపే గానుగకు పడాలి. అందుకే కోత రోజున ఎక్కువ కూలీ ఇచ్చైనా ఎక్కువమందిని పిలిచేవాడు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ తర్వాత మా ఇంట్లో చెరుకు పోయి వరి వచ్చింది. ఇప్పుడు వరికోత మిషన్‌కు గంటకు ఇంత అని ఇస్తాడు. మొగులు పట్టిందంటే రేటు గురించి బేరం కూడా ఆడడు.

కానీ బాపుకూ నాకూ ఒక తేడా ఉంది. ఆయన టైం కొన్న ప్రతిసారీ, ఆ టైంతో ఏం చెయ్యాలో ముందే తెలుసు. వాన పడేలోపు వడ్లు ఆరబెట్టాలి, కుప్ప చెయ్యాలి. మరి నేను? అమ్మ అడిగిన ప్రశ్న బుర్రలో తిరిగి, ఒకరోజు ఫోన్‌లో స్క్రీన్ టైం తీసి చూశా. రోజుకు 3 గంటల పైనే. ఇస్త్రీ, వంట, మార్కెట్ అన్నీ వదిలేసి మిగుల్చుకున్న టైం దాదాపు అంతే. అంటే డబ్బు పెట్టి కొన్నది తీసుకెళ్లి రీల్స్‌లో పోశా. వంటమనిషి జీతం ఇచ్చింది వంట కోసం కాదు, స్క్రోలింగ్ కోసం. లెక్క సరిగ్గానే చేశా. మిగిలిన గంట ఎటు పోతుందో అడగలేదు, అంతే.

ఇక్కడితో ఆగితే ఇది టైం మేనేజ్‌మెంట్ పోస్ట్ అయ్యేది. అసలు విషయం ఇంకోటి.

నాలుగు రాత్రులు

పోయిన ఏడాది బాపు పొలం గట్టు మీద జారి పడ్డాడు. కాలు విరిగింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో ఆపరేషన్. నాకు అదే వారం ఆఫీస్‌లో రిలీజ్ ఉంది. ఆపరేషన్ రోజు వెళ్లా, సాయంత్రానికి తిరిగి వచ్చేశా. పగలు అమ్మ ఉంటుంది. ఆమె మోకాళ్లతో రాత్రిళ్లు కింద పడుకోలేదు. అందుకని తెలిసినవాళ్ల ద్వారా రాత్రికి ఒక అబ్బాయిని మాట్లాడా. రాత్రికి 700, నాలుగు రాత్రులకు 2,800. ముందే ఫోన్‌పే చేశా.

నా లెక్క ప్రకారం ఇది చాలా మంచి బేరం. రాత్రికి 12 గంటలు, గంటకు 400 చొప్పున 4,800 విలువైన నా టైం 700కే మిగిలింది. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఆ రాత్రుల్లో నేను సంపాదించింది ఏమీ లేదు. రెండు రాత్రులు పన్నెండింటికే లాప్‌టాప్ మూసేసి పడుకున్నా.

ఆర్నెల్ల తర్వాత, బాపు కర్ర లేకుండా నడుస్తున్నప్పుడు, మాటల్లో ఒక సంగతి బయటపడింది. ఆ అబ్బాయి వాళ్లమ్మ కూడా అప్పుడు అదే ఊళ్లో ఇంకో హాస్పిటల్‌లో ఉందట. పగలు వాడి చెల్లె చూసుకునేది. రాత్రి ఆమె దగ్గర ఎవ్వరూ లేరు. మందులకు డబ్బులు కావాలని వాడు మా బాపు దగ్గర కూర్చున్నాడు. రెండో రాత్రి వాడు ఫోన్ చూసుకుంటూ కళ్లు తుడుచుకుంటుంటే బాపు అడిగి తెలుసుకున్నాడు.

"పోరా తమ్మీ, మీ అమ్మ దగ్గరికి పో" అన్నాడట.

"పైసలు వడ్డయ్ పెద్దనాయినా. పోతె బాగుండదు."

బాపు వినలేదు. బతిమాలి పంపించాడు. మిగిలిన రాత్రులు కూడా అంతే. పదింటికి వాణ్ని పంపెయ్యడం, తెల్లారి అయిదింటికి వాడు రావడం. మధ్యలో దాహం వేసినా, ఒంటికి లేవాలనిపించినా, కట్టు కట్టిన కాలుతో నర్సమ్మ వచ్చేదాకా ఓర్చుకుని పడుకున్నాడు. నేను ఫోన్ చేసి "పిలగాడు మంచిగ చూస్కుంటుండా బాపు?" అంటే "మంచిగ చూస్తుండు" అనేవాడు.

"నాకెందుకు చెప్పలే?" అని అడిగా.

"చెప్తె నువ్వు ఇంకొకన్ని పెడ్తవ్. వానికి గా పైసలు పోతయ్." కాసేపు ఆగి అన్నాడు: "నువ్వు తప్పు చేసినవని కాదురా. నీ నౌకరి నీది. కని ఆ పిలగానికి గుడ ఒక అమ్మ ఉన్నది గద."

ఏకచక్రపురంలో ఒక ఇల్లు

ఇప్పుడు కథలోకి వస్తా. మా బోధన్‌నే ఏకచక్రపురం అని మా దగ్గర పెద్దలు చెప్తారు. దేశంలో వేరే ఊళ్లు కూడా ఈ పేరు తమదే అంటాయి, ఆ వాదన మనకు వద్దు. కథ మాత్రం మహాభారతం ఆదిపర్వంలో ఉంది. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు, కుంతి ఒక పేద బ్రాహ్మణుడి ఇంట్లో తలదాచుకుంటారు. ఊరికి బకాసురుడి పీడ. వంతుల ప్రకారం ఒక్కో ఇంటి నుంచి వాడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు పంపాలి. వాటితో పాటు వాటిని తోలుకొచ్చిన మనిషిని కూడా వాడు తినేస్తాడు.

ఆ ఇంటి వంతు వచ్చింది. లోపల ఏడుపులు. భర్త నేను పోతా అంటాడు, భార్య నేను పోతా అంటుంది, కూతురు నేను పోతా అంటుంది. మాటలు సరిగా రాని చిన్న పిల్లాడు గడ్డిపరక పట్టుకుని రాక్షసుణ్ని దీంతో చంపేస్తా అంటాడు. అప్పుడు కుంతి వెళ్లి సంగతేంటని అడుగుతుంది. ఆ గృహస్థు చెప్పే మాటల్లో ఒకటుంది: నా బదులు పంపడానికి ఎవరినైనా ఒక మనిషిని కొందామంటే నా దగ్గర అంత ధనం లేదు, నావాళ్లను పంపడానికి నాకు మనసు రాదు అని.

నాకు గుచ్చుకున్నది ఈ మాటే. మనిషిని కొనడం. అంటే ఆ కాలంలోనే, డబ్బున్న ఇంటికి ఇంకో దారి ఉందని ఆయనకు తెలుసు. అది లేక ఏడుస్తున్నాడు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు నా దగ్గర డబ్బుంది. నేను 2,800 పెట్టి ఒక మనిషిని కొన్నా.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కుంతి నా కొడుకు వెళ్తాడు అంటే ఆ గృహస్థు ఎగిరి గంతెయ్యలేదు. ఒప్పుకోలేదు. నా ప్రాణం కోసం ఇంటికొచ్చిన అతిథి ప్రాణం తియ్యను అన్నాడు. ఇప్పుడు ఒక్క రూపాయి ఖర్చు కూడా లేదు, అయినా వద్దన్నాడు. భీముడి బలం సంగతి కుంతి చెప్పి నమ్మించాకే ఊరుకున్నాడు. వంతును ఇంకొకరి మీదికి తొయ్యడానికి దారి దొరికినప్పుడు, ఆ ఇంకొకరికి ఏమవుతుందో అడగడం, అదే ఆయన ధర్మం. హాస్పిటల్ మంచం మీద మా బాపు చేసింది కూడా అదే. ఆదిపర్వం ఆయన చదవలేదు.

అయితే ఎవరినీ పనికి పెట్టుకోవద్దా?

ఈ ప్రశ్న నన్ను నేనే అడుక్కున్నా. పెట్టుకోవద్దు అంటే అది కూడా అబద్ధమే. ఆ అబ్బాయికి ఆ 700 నిజంగా అవసరం. నేను పెట్టుకోకపోతే వాళ్లమ్మకు మందులు ఉండవు. మా వంటామె ఇల్లు నడిచేది మా లాంటి నాలుగు ఇళ్ల జీతాలతోనే. పనిమనిషిని మానేసి నేనే అంట్లు తోముకుంటే నాకు పుణ్యం వచ్చిందేమో కానీ ఆమెకు జీతం పోయింది. బాపు కూడా వాణ్ని పనిలోంచి తియ్యలేదు, డబ్బులు వెనక్కి అడగలేదు. వాడికి డబ్బూ దక్కింది, వాళ్లమ్మ దగ్గర రాత్రీ దక్కింది.

తప్పు కొనడంలో లేదు, కొన్నాక మర్చిపోవడంలో ఉంది. డబ్బు ఇచ్చేశాం కాబట్టి అవతల మనిషి ఉన్నాడన్న సంగతే మనకు అక్కర్లేదు అనుకోవడంలో ఉంది. నేను ఆ అబ్బాయి పేరు, నంబర్ తీసుకున్నా. వాడింట్లో ఎవరున్నారని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే? పగటి పని వాడికిచ్చి, రాత్రికి నేను వచ్చేవాణ్నేమో. రైలెక్కితే నిజామాబాద్ ఎంత దూరం? లాప్‌టాప్ హాస్పిటల్‌లో కూడా తెరుచుకుంటుంది.

కుంతి దగ్గర ఇంకో విషయం నేర్చుకోవచ్చు. కొడుకులు తెచ్చిన భిక్షలో సగం భీముడికే పెట్టేది. మిగిలిన సగం నలుగురు కొడుకులు, తను. చూడ్డానికి అన్యాయంలా ఉంటుంది. కానీ ఎవరికి ఎంత కావాలో ఆమెకు తెలుసు. ఇంటి లెక్క ఆఫీస్ లెక్క కాదు. గంటకు 400 అన్న లెక్కలో అమ్మ గంటకు విలువ సున్నా. పెళ్లయినవాళ్లు ఒకసారి చూసుకోండి, మీ ఇంట్లో "నాకు టైం లేదు" అనే హక్కు ఎవరికుంది? సాధారణంగా జీతం ఎక్కువ ఉన్నవాళ్లకే. వరలక్ష్మీ వ్రతం రోజు ఇంట్లో అందరం భక్తిగా కూర్చుంటాం. తొమ్మిది రకాల నైవేద్యం చెయ్యడానికి మూడింటికి లేచిన ఆవిడ మాత్రం పూజలో కళ్లు మూస్తే దైవం కాదు, నిద్రే వస్తుంది.

చాలామంది అడుగుతుంటారు, పూజ సామాన్లు, ప్రసాదం ఆర్డర్ పెడితే దోషమా అని. నాకు తెలిసినంతలో చెప్తా. గీతలో కృష్ణుడు అడిగింది ఆకు, పువ్వు, పండు, నీళ్లు. ఏదైనా సరే, భక్తితో ఇవ్వమన్నాడు. డబ్బూ పెద్దగా అడగలేదు, మూడు గంటల వంటా అడగలేదు. ఆయన అడిగింది మనసు. కాబట్టి పూలు తెప్పించుకుని, మిగిలిన అరగంట దేవుడి ముందు కూర్చుంటే అది మంచి ఖర్చు. తెప్పించుకుని ఆ అరగంట ఫోన్ చూస్తే, పూలకే కాదు, అరగంటకు కూడా డబ్బు దండగ. వంట చెయ్యడమే ఒకరికి పూజ అయితే వాళ్లను చెయ్యనివ్వండి, పక్కన కూర్చుని కొబ్బరి తురమండి.

ఇప్పుడు మా ఇంట్లో

పెద్ద మార్పులేం చెయ్యలేదు. డబ్బు పెట్టి టైం కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటున్నా. మిగిలే టైం ఎవరికోసం? నా బదులు చేసే మనిషి దేన్ని వదులుకుని వస్తున్నారు? మొదటి దానికి జవాబు లేకపోతే ఆ పని నేనే చేసుకుంటా. శనివారం కూరగాయలు ఇప్పుడు నేనే తెచ్చుకుంటున్నా, ఇస్త్రీ మాత్రం ఇప్పటికీ బయటికే. రెండో దానికి జవాబు తెలియాలంటే అడగాలి. వంటామెను అడిగితే, ఆదివారం పొద్దున వాళ్లబ్బాయికి క్రికెట్ ఉంటుందని చెప్పింది. మూడేళ్లుగా ఆమె ఆదివారం పొద్దున మా వంటింట్లో ఉంది. ఇప్పుడు ఆదివారాలు సెలవు, జీతం అదే. ఉప్మా చెయ్యడం నాకు వచ్చింది, కొంచెం ఉండలు కడుతోంది.

అమ్మతో కూడా ఒక ఒప్పందం కుదిరింది. డాక్టర్ దగ్గరికి పోయే రోజు ఆటో, మిగతా రోజులు ఆమె ఇష్టం. మొన్న నేను ఊరెళ్తూ బోధన్ బస్టాండ్‌లో ఆమెను కలిశా. ఆటోలు పిలుస్తున్నాయి. "పోదమా?" అన్నా. "బస్సు వస్తది, కూసో" అంది. కూర్చున్నా. ఫోన్ జేబులోనే ఉంది. గంట పైనే పట్టింది. నా టికెట్‌కు డబ్బులు పడ్డాయి, ఆమెకు జీరో టికెట్ కొట్టారు.

ఆ అబ్బాయి నంబర్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఈ పోస్ట్ రాయడానికి ముందు ఫోన్ చేశా. గుర్తుపట్టి "పెద్దనాయిన మంచిగున్నడా అన్నా?" అన్నాడు. వాళ్లమ్మ ఎట్లా ఉందని అడిగా. నడుస్తోందట. ఆ ప్రశ్న అడగడానికి నాకు ఏడాది పట్టింది.

మీ ఇంట్లో ఇట్లాంటి లెక్క ఏదైనా ఉంటే, రాత్రి ఒకసారి దీపం దగ్గర కూర్చుని సరి చూసుకోండి. మళ్లీ కలుద్దాం. శుభం.